పంటి నమూనా: పది నిమిషాల విలువ



మీలో చాలామంది ఏదో ఒకనాడు దంతవైద్యుని కుర్చీలో కూర్చొనే ఉంటారు. ఊడిన పంటికి బదులు కొత్త పన్ను కట్టించుకోవలసి వచ్చినప్పుడు, డాక్టరు గారు చల్లగా, మెత్తగా ఉండే ఒక ముద్దను రంధ్రాలున్న చిన్న పళ్ళెంలో నింపి మీ నోట్లో పెట్టి, రెండు మూడు నిమిషాలు కదలవద్దని చెప్పి ఉంటారు. మీ కళ్ళ వెంట నీళ్ళు తిరిగి ఉంటాయి, చొల్లు గడ్డం మీదకు కారి ఉంటుంది, వాంతి వస్తుందేమోనన్న భయం కూడా కలిగి ఉంటుంది. చివరకు ఆ పళ్ళెం ఊడి బయటకు వచ్చాక, "అమ్మయ్య" అనుకొని నోరు పుక్కిలించి ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు.

మీరు వెళ్ళిపోయిన తరువాత ఆ ముద్ద ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

దానిలో మీ పళ్ళు, చిగుళ్ళు, అంగిలి గుంటలుగా ముద్రపడి ఉంటాయి. మేము దానిని ఇంప్రెషన్ అంటాము. రోగులు "కొలత" అంటారు. ఈ వ్యాసంలో నేను ముద్ర అంటాను. ఆ ముద్రలో ప్లాస్టరు పోస్తే, గట్టిపడిన తరువాత మీ దవడకు అచ్చంగా ఒక నకలు బయటకు వస్తుంది. దానిని నమూనా అందాము. మీ కొత్త పళ్ళను తయారుచేసే వ్యక్తి సాధారణంగా మిమ్మల్ని చూడడు. అతని ముందు ఉండేది ఆ నమూనా మాత్రమే. అంటే మీ కొత్త పన్ను నిజానికి మీ నోటికి కాక, ఆ నమూనాకు సరిపడేలా తయారవుతుంది. నోరూ నమూనా ఒక్కటే అయితే మీకు సుఖం. వాటి మధ్య వెంట్రుక వాసి తేడా వచ్చినా ఆ కష్టం మీ చిగురుదే.

ఈ విషయం నాకు కళాశాలలో చెప్పలేదని కాదు. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని అది బోధపడింది మాత్రం ఉద్యోగంలో చేరిన తరువాత, ఒక వృద్ధురాలి నోట్లో పుండును చూసిన రోజున.

ఆ పెద్దమ్మ

అవి 1980ల తొలి సంవత్సరాలు. ఉత్తర కోస్తాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో దంతవైద్యునిగా పనిచేస్తున్నాను. మా విభాగానికి సొంత ల్యాబు లేదు. ఊరికి ఆ చివర ఒక పెంకుటింటి వరండాలో ఒకాయన పళ్ళ పని చేసేవారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం అటువంటి పనివారిని "డెంటల్ మెకానిక్" అన్నది. ఊళ్ళో అందరికీ ఆయన "మెకానిక్ గారు". నాకన్న పదిహేనేళ్ళు పెద్ద. మాట తక్కువ మనిషి.

ఒకనాడు దగ్గరి పల్లె నుంచి అరవై ఏళ్ళు దాటిన పెద్దమ్మ వచ్చింది. పైదవడలో ముందర నాలుగు పళ్ళు, కుడివైపు చివర ఒకటి, ఎడమవైపు చివర ఒకటి మిగిలాయి. నమలడానికి ఆధారం లేదు. అంగిలిని కప్పుతూ, మిగిలిన పళ్ళను చుట్టుకొని ఉండే పళ్ళసెట్టు కట్టాలని నిర్ణయించి ముద్ర తీసుకున్నాను. పది రోజుల తరువాత సెట్టు వచ్చింది. నోట్లో పెట్టబోతే దిగలేదు. రాకుతూ, అరగదీస్తూ అరగంట కుస్తీ పట్టి ఎలాగో కూర్చోబెట్టాను. కుడివైపు నొక్కితే ఎడమవైపు కొంచెం లేస్తున్నది. "ఈ మెకానిక్ పని ఇలాగే ఉంటుంది" అని ఆ పెద్దమ్మ ఎదుటే విసుక్కున్నాను. ఆమెతో మాత్రం, "కొత్తలో అలాగే ఉంటుందమ్మా, అలవాటవుతుంది" అన్నాను. పాఠకులారా, ఈ రెండు మాటలూ తప్పేనని ఆ తరువాత తెలిసింది.

నెలన్నర గడిచాక ఆమె కొడుకు ఆమెను వెంటబెట్టుకొని వచ్చాడు. "అమ్మ తిండి తినడం లేదు సార్, చిక్కిపోయింది" అన్నాడు. నోరు తెరిపించి చూస్తే, అంగిలి మీద కుడివైపున, సెట్టు అంచు ఆనే చోట, అర్ధరూపాయి బిళ్ళంత పుండు. అంచులు తెల్లగా, కొంచెం గట్టిగా ఉన్నాయి.

నా గుండె ఝల్లుమన్నది. దానికి కారణం చెప్పాలి. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో, ఆ తరం స్త్రీలలో చాలామందికి అడ్డచుట్ట అలవాటు ఉండేది. నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చడమన్న మాట. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అందువల్ల ఇతర ప్రాంతాలలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సరు అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అంగిలి మీద ఈ అలవాటు కలిగించే మార్పులను 1971లో ప్రకటించారు. ఆ పెద్దమ్మ నలభై ఏళ్ళుగా అడ్డచుట్ట కాలుస్తున్నది.

కనుక నా ముందు రెండు ప్రశ్నలు నిలిచాయి. సెట్టు సరిపోక ఒరుసుకొని పుండు పడిందా? లేక లోపల ఏదో పెరుగుతూ ఉండడం వల్ల సెట్టు సరిపోవడం మానిందా? మొదటిదైతే సెట్టు తీసేస్తే మానుతుంది. రెండవదైతే ఆమె ప్రాణానికే ముప్పు.

"ఇంత నొప్పిగా ఉంటే మొదటి వారమే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాను.

"మీరు కష్టపడి సేసినారు గదా బాబూ. బాగునేదంటే మీకు మనసు కష్టమైపోద్దని సెప్పనేదు. అలవాటైపోద్దని మీరే అన్నారు గదా" అన్నది.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. సెట్టు కింద దూది ముక్క పెట్టుకొని, మజ్జిగ అన్నం పిసుక్కొని మింగుతూ నెలన్నర గడిపింది ఆ తల్లి.

సెట్టు తీసేసి, చుట్ట మానమని చెప్పి, పుండుకు మందు ఇచ్చి, రెండు వారాలలో మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలని నిశ్చయించుకున్నాను. ఆ సాయంత్రమే సెట్టును జేబులో వేసుకొని మెకానిక్ గారి దగ్గరకు బయలుదేరాను. దెబ్బలాడడానికే వెళ్ళానని ఒప్పుకుంటున్నాను. అక్కడ జరిగినది చెప్పేముందు, ముద్ర నుంచి నమూనా ఎలా పుడుతుందో మీకు తెలియాలి. లేకపోతే ఆయన అన్న మాట అర్థం కాదు.

సముద్రపు నాచు, పెరుగు మీది నీరు

మీ నోట్లో పెట్టే ఆ ముద్ద పేరు ఆల్జినేట్. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం అది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ఈ పనికి అగర్ అనే మరొక నాచు పదార్థాన్ని వాడేవారు. అది ప్రధానంగా జపాను నుంచి వచ్చేది. యుద్ధంతో ఆ సరఫరా ఆగిపోగా, దానికి బదులుగా ఆల్జినేట్ వ్యాప్తిలోకి వచ్చింది. పొడిని నీటితో కలిపి వేగంగా నూరితే, అందులోని కాల్షియం లవణంతో చర్య జరిగి రెండు మూడు నిమిషాలలో రబ్బరులాగా గట్టిపడుతుంది. నీరు వెచ్చగా ఉంటే త్వరగా, చల్లగా ఉంటే నిదానంగా గట్టిపడుతుంది. అందుకే మన వేసవిలో చన్నీళ్ళు వాడుతాము.

గట్టిపడిన ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీరే. దాని బలమూ అదే, బలహీనతా అదే. తోడుకున్న పెరుగును ఎవరూ కదపకపోయినా కొంతసేపటికి దానిమీద నీరు తేలడం మీరు చూసే ఉంటారు. ఆల్జినేట్ కూడా అంతే. నోట్లోనుంచి తీసిన క్షణం నుంచి దానిలోని నీరు బయటకు వస్తూ ఉంటుంది, గాలికి ఆరుతూ ఉంటుంది. నీరు పోయిన మేరకు అది కుంచించుకుపోతుంది. పోనీ ఆరకుండా నీళ్ళలో వేద్దామంటే, నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. ఆరినా తప్పే, నానినా తప్పే. కాబట్టి తీసిన ముద్రను కుళాయి నీటితో కడిగి, క్రిమిసంహారకం పట్టించి, పది పదిహేను నిమిషాలలో ప్లాస్టరు పోయాలి. అంతలో వీలుకాకపోతే తడి గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో కొద్దిసేపు మాత్రమే ఉంచాలి. నేను శీర్షికలో చెప్పిన పది నిమిషాలు ఇవే.

కడగడం గురించి ఒక మాట. ముద్ర మీద అంటుకున్న లాలాజలం, రక్తం రెండు రకాలుగా చెరుపు చేస్తాయి. ఒకటి, అవి తగిలిన చోట ప్లాస్టరు సరిగా గట్టిపడక నమూనా ఉపరితలం సుద్దలాగా రాలుతుంది. రెండవది అంతకన్న ముఖ్యమైనది. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తపు మరకలలో కూడా కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. ఆ ముద్రను చేతిలోకి తీసుకునే ల్యాబు మనిషికి మీరెవరో తెలియదు, మీ జబ్బు ఏమిటో తెలియదు. కడగని ముద్రను పంపడం అతనికి జబ్బును పొట్లం కట్టి పంపడమే.

రాయిని పొడిచేసి, పొడిని మళ్ళీ రాయిచేసి

ఇక ప్లాస్టరు సంగతి. జిప్సమ్ అనే మెత్తని రాయి ఉన్నది. మన దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో దొరుకుతుంది. ఆ రాయిలో నీరు బంధింపబడి ఉంటుంది. వేడిచేస్తే ఆ నీటిలో నాలుగింట మూడు వంతులు ఆవిరై, రాయి తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడికి మళ్ళీ నీరు తగిలితే, పోయిన నీటిని తిరిగి పుచ్చుకొని మళ్ళీ రాయి అవుతుంది. ఈ పుట్టుకలో వేడి కూడా పుడుతుంది. గట్టిపడుతున్న నమూనా మీద చేయి వేస్తే గోరువెచ్చగా తగులుతుంది. ఈ కిటుకు చాలా పాతది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆస్థాన దంతవైద్యుడు ఫిలిప్ ఫాఫ్, మైనంతో నోటి ముద్ర తీసి దానిలో ప్లాస్టరు పోసి నమూనా చేసే పద్ధతిని 1756లోనే గ్రంథస్థం చేశాడు.

ఆవిరి పీడనంలో ఉడికించి తయారుచేసే మరొక రకం పొడిని "డెంటల్ స్టోన్" అంటారు. అది గట్టిది, సాధారణంగా పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉంటుంది. పళ్ళు కట్టే నమూనాలకు దీనినే వాడాలి. 100 గ్రాముల మామూలు ప్లాస్టరుకు 45 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు కావాలి. అదే స్టోన్‌కు 28 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. రసాయనికంగా కావలసిన నీరు సుమారు 19 మిల్లీలీటర్లే. మిగిలినదంతా కలపడానికి వీలుగా పోసేది. ఆరిన తరువాత ఆ నీరు ఉన్న చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీరు పెరిగినకొద్దీ నమూనా బలహీనమవుతుంది. "కొంచెం పలచగా ఉంటే త్వరగా జారుతుంది" అని ఒక చెంచా నీరు ఎక్కువ పోసే చెయ్యి, ఒక మనిషి కొరుకుడును చెడగొడుతున్నదన్న మాట.

పని మొత్తం చూస్తే వంటిల్లు గుర్తుకు వస్తుంది. రబ్బరు గిన్నెలో ముందు నీరు, తరువాత పొడి. తిరగేస్తే గాలి బుడగలు పడతాయి. ఒక నిమిషం గిన్నె గోడలకు రాస్తూ కలపాలి. గరిటెజారుగా రావాలి, నీళ్ళలా కారిపోకూడదు. తరువాత గిన్నెను, పళ్ళెంను కంపించే బల్ల మీద ఆనించి ఉంచి, ముద్రలో ఒక చివరి పంటి గుంట దగ్గర కొద్దిగా వేయాలి. అది తనంత తానుగా పాకుతూ ఒక్కొక్క పంటి గుంటలోకి దిగి, లోపలి గాలిని ముందుకు నెట్టుకుంటూ రెండవ చివరకు చేరాలి. తొందరపడి రెండు వైపులా ఒకేసారి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుపోతుంది.

చిక్కుకున్న ఆ గాలి బుడగ నమూనా మీద చిన్న గుంట అవుతుంది. ఆ నమూనా మీద సెట్టు చేస్తే గుంటలోకి దిగిన పదార్థం సెట్టు లోపలివైపున బొడిపె అవుతుంది. ఆవగింజలో సగం కూడా ఉండదు. కాని మెత్తని చిగురు మీద అది రోజంతా ముల్లులా గుచ్చుతుంది. కొత్త సెట్టు లోపలివైపు వేలితో తడిమి చూస్తే మీకే తగలవచ్చు.

పోసిన తరువాత ముప్పావుగంట నుంచి గంట ఆగాలి. ముందే ఊడబెరికితే పళ్ళు విరుగుతాయి. రేపు చూద్దామని రాత్రంతా వదిలేస్తే, ఎండిన ఆల్జినేట్ నమూనాను పట్టుకొని దాని ఉపరితలాన్ని చెరుపుతుంది. ఈ పనిలో ముందూ తప్పే, వెనుకా తప్పే.

మెకానిక్ గారు అన్న మాట

ఇప్పుడు మళ్ళీ ఆ పెంకుటింటి వరండాకు వద్దాము.

నేను గొంతు పెంచి మాట్లాడుతూ ఉంటే ఆయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, అటక మీది చెక్కపెట్టెలోనుంచి ఒక నమూనా తీసుకువచ్చారు. ప్రతి నమూనా అడుగున తేదీ, రోగి చీటీ సంఖ్య పెన్సిలుతో వ్రాసి దాచడం ఆయన అలవాటు. పళ్ళు అచ్చుపోసేటప్పుడు అసలు నమూనా పగిలిపోవచ్చు కాబట్టి, గట్టిపడిన దాని నుంచి ముందుగానే మరొక నకలు తీసి ఉంచేవారు. నా చేతిలోని సెట్టును అడిగి పుచ్చుకొని, నేను రాకిన చోట్లను వేలితో తడిమి చూసి, దానిని నమూనా మీద పెట్టారు. చప్పుడు లేకుండా కూర్చున్నది. కుడివైపు నొక్కారు. ఎడమవైపు లేవలేదు.

"మోడల్ మీద బాగానే కూర్చుంది డాక్టరు గారూ. నోట్లో కూర్చోలేదంటే, ఈ మోడల్ ఆ నోటిది కాదన్న మాట" అన్నారు.

"అంటే? మీరు మార్చి పంపారా?"

"మార్చలేదండీ. ముద్ర నా దగ్గరకు వచ్చేటప్పటికే మారింది. ఆ రోజు మీ అటెండరు కాగితంలో చుట్టి మధ్యాహ్నం రెండు దాటాక తెచ్చాడు. అంచులు ఎండి పళ్ళెం నుంచి ఊడి ఉన్నాయి. మళ్ళీ తీసి పంపమని చెప్పి పంపాను. ఉన్నదానితోనే చేసేయమన్నారని తిరిగి వచ్చి చెప్పాడు."

నాకు ఆ రోజు గుర్తుకు వచ్చింది. పదకొండు గంటలకు ముద్ర తీశాను. అంతలో లారీ ప్రమాదంలో దవడ విరిగిన ఒక యువకుణ్ణి తెచ్చారు. ముద్ర బల్ల మీద, తిరుగుతున్న పంకా కింద, మూడు గంటలు ఉండిపోయింది. అలసిపోయి ఉన్న నేను, అటెండరు వచ్చి అడిగినప్పుడు తల ఎత్తకుండానే "చేసేయమను" అన్నాను. ఆ యువకుని దవడను చూడడం నా ధర్మమే. కాని ముద్రను తడిగుడ్డలో చుట్టమని ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం చాలు. పాడైందని తెలిశాక మరొకసారి ముద్ర తీయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు నేను మిగుల్చుకున్నాను; వాటికి వెల ఆ పెద్దమ్మ నెలన్నర పాటు చెల్లించింది.

మరునాడు ఆమె నోటికి కొత్త ముద్ర తీసి, పుండు ఉన్న చోట ఒత్తిడి పడకుండా జాగ్రత్తపడి, నేనే సైకిల్ ఎక్కి మెకానిక్ గారి దగ్గరకు తీసుకువెళ్ళలేదు. అక్కడే ఆసుపత్రిలో, ఆయనను పిలిపించుకొని, పది నిమిషాలలో స్టోన్ పోయించాను. గట్టిపడ్డాక పాత నమూనాను, కొత్త నమూనాను పక్కపక్కన పెట్టి, కుడివైపు చివరి పంటి నుంచి ఎడమవైపు చివరి పంటి వరకు ఉన్న దూరాన్ని విభాగినితో కొలిచారు ఆయన. దాదాపు అర మిల్లీమీటరు తేడా వచ్చింది.

అర మిల్లీమీటరా అని తీసిపారేయకండి. అన్నంలో ఒక వెంట్రుక వస్తే నాలుక ఇట్టే పట్టేస్తుంది. ఈ తేడా అటువంటి వెంట్రుకలు ఆరేడు పక్కపక్కన పేర్చినంత. పైగా ఆ కొలత నాకు మరొక సంగతి కూడా చెప్పింది. పుండు వల్లనో, వాపు వల్లనో అంగిలి మారవచ్చు. కాని గట్టిగా నాటుకొని ఉన్న రెండు పళ్ళు నెలన్నరలో అలా కదలవు. అంటే మారినది నోరు కాదు. మొదటి నమూనాయే తప్పు. నా భయం సగం తగ్గింది. మిగిలిన సగం పన్నెండవ రోజున, పుండు పూడి లేత గులాబీరంగు చర్మం కనిపించినప్పుడు తీరింది.

కొత్త నమూనా మీద కట్టిన సెట్టు మొదటిసారే కూర్చున్నది. ఆ పెద్దమ్మ నా ఎదుటే వేయించిన వేరుశనగపప్పు నమిలి చూపించింది. అప్పుడు ఆమె ముందే మెకానిక్ గారికి క్షమాపణ చెప్పాను. తప్పుపట్టినది ఆమె ఎదుటే కదా. ఆయన సిగ్గుపడి, "ఎందుకండీ ఇవన్నీ" అంటూ సైకిల్ ఎక్కి వెళ్ళిపోయారు. ఆమె చేత అడ్డచుట్ట మాన్పించడానికి మాత్రం ఇంకా ఏడాది పట్టింది.

గోడకు అవతలి మనుషులు

ఆనాటి నుంచి వారానికి ఒకసారి ఆ వరండాలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అప్పుడే మరొకటి గమనించాను. నమూనా అంచులను చెక్కుతున్నప్పుడు, పళ్ళకు మెరుగు పెడుతున్నప్పుడు లేచే తెల్లని పొడి ఆయన కనుబొమల మీద, మీసం మీద పేరుకొనేది. ముక్కుకు గుడ్డ ఉండేది కాదు.

జిప్సమ్ పొడి కళ్ళకు, గొంతుకు చికాకు కలిగిస్తుంది. అంతకంటే ప్రమాదం లోహపు తొడుగులను పోతపోసే అచ్చుల్లోనూ, వాటిని శుభ్రం చేయడానికి చిమ్మే ఇసుకలోనూ ఉండే సిలికా. అది ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టి, ఎన్నటికీ తిరిగి రాని నష్టం చేస్తుంది. దానినే సిలికోసిస్ అంటారు. రాతి గనుల జబ్బు అనుకుంటాము గాని, అమెరికాలో ఐదు రాష్ట్రాలలో 1994–2000 మధ్య డెంటల్ ల్యాబులలో పనిచేసిన తొమ్మిది మందిలో ఈ జబ్బును నిర్ధారించి ప్రకటించారు. తడిగా చెక్కడం, పొడిని పీల్చివేసే యంత్రం, సరైన మాస్కు, హెపటైటిస్ బి టీకా: ఈ నాలుగూ ప్రతి ల్యాబులోనూ ఉండవలసినవే. ఈ వృత్తిలో ఉన్న యువకులు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, దయచేసి వాయిదా వేయకండి.

ఇప్పుడు కాలం మారింది. గంటలు గడిచినా కొలత చెడని సిలికోన్ ముద్ర పదార్థాలు వచ్చాయి. నోట్లో చిన్న కెమెరా తిప్పి, ముద్దతో పని లేకుండానే పళ్ళ రూపాన్ని కంప్యూటరులోకి ఎక్కించే స్కానర్లు వచ్చాయి. ఆ మార్గానికి 1985లో జ్యూరిక్ నగరంలో తొలి అడుగు పడింది. నమూనాలను యంత్రాలే పొర మీద పొర వేసి ముద్రిస్తున్నాయి. సంతోషమే. అయినా మన ఊళ్ళలో ఆల్జినేట్, ప్లాస్టరు ఇంకా రోజూ వాడుకలోనే ఉన్నాయి. స్కానరైనా రక్తం కారే చిగురును, చొల్లు నిండిన పంటిని సరిగా చూడలేదు. పనిముట్టు మారింది, నోటికీ నకలుకూ మధ్య ఉండవలసిన నిజాయితీ మారలేదు.

మీరు చేయవలసినవి

ముద్ర ఇవ్వడానికి వెళ్ళే రోజున కడుపు నిండా తినకండి. పళ్ళు శుభ్రంగా తోముకొని వెళ్ళండి. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న మెతుకు కూడా ముద్రలో పడుతుంది. కామెర్లు, ఇతర అంటువ్యాధుల సంగతి దాచకండి. వాంతి స్వభావం ఉంటే ముందే చెప్పండి. పళ్ళెం నోట్లో ఉన్నప్పుడు తల కొంచెం ముందుకు వంచి, ముక్కుతో నిదానంగా ఊపిరి పీల్చండి. మాట్లాడకండి, పెదవులు కదపకండి.

డాక్టరు గారు "మళ్ళీ ఒకసారి తీద్దాము" అంటే విసుక్కోకండి. అలా అడిగే వైద్యుడు మీ మేలు కోరుతున్నాడు.

పాత సెట్టు మార్చి కొత్తది కట్టించుకొనేవారు, చివరి ముద్రకు కనీసం ఒక రోజు ముందు నుంచి పాతది తీసి ఉంచండి. ఒత్తిడికి అణగిన చిగురు తన సహజరూపానికి రావాలి. పళ్ళు తీయించుకున్న మొదటి ఏడాదిలో దవడ ఎముక అరిగి చిగురు కుంగుతూ ఉంటుంది. అప్పుడు కట్టిన సెట్టు కొన్ని నెలలకు వదులు కావడం సహజం. నమూనా రాయి, మారదు. నోరు ప్రాణమున్నది, మారుతుంది. అటువంటప్పుడు సెట్టు లోపలి పొరను సరిచేయించుకోవచ్చు.

కొత్త సెట్టు రెండు మూడు రోజులకు మించి ఒక చోట గుచ్చుతూ ఉంటే వెంటనే చూపించండి. వెళ్ళేముందు కొన్ని గంటలు పెట్టుకొనే వెళ్ళండి. ఒరుసుకొనే చోటు ఎర్రగా కనిపిస్తే డాక్టరుకు దారి తెలుస్తుంది. కింద దూది పెట్టుకోవడం, ఇంట్లో ఆకురాయితో అరగదీయడం వద్దు. నోట్లో ఏ పుండైనా రెండు వారాలు దాటి మానకపోతే, నొప్పి ఉన్నా లేకపోయినా, తప్పక పరీక్ష చేయించుకోండి. పొగాకు అలవాటు ఉన్నవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి.

చివరిగా ఒక మనవి. ఆ పెద్దమ్మ పాత నమూనాను మెకానిక్ గారి దగ్గర అడిగి తీసుకున్నాను. పదవీ విరమణ చేసిన తరువాత కూడా అది నా వ్రాతబల్ల మీదనే ఉన్నది. దానిని చూసినప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది అర మిల్లీమీటరు తేడా కాదు. "మీకు మనసు కష్టమైపోద్దని సెప్పనేదు" అన్న ఆ మాట. మన ఇళ్ళలోని పెద్దవారు చాలామంది అటువంటివారే. డబ్బు ఖర్చుపెట్టి కొడుకు కట్టించాడని, కష్టపడి డాక్టరు చేశాడని నొప్పిని మింగి ఊరుకుంటారు. మీ ఇంట్లో అమ్మదో, నాన్నదో, తాతగారిదో పళ్ళసెట్టు ఏ గ్లాసులోనో, ఏ డబ్బాలోనో ఊరికే పడి ఉన్నదేమో ఈ రోజు ఒకసారి చూడండి. ఉంటే, ఎందుకు పెట్టుకోవడం లేదని వారి పక్కన కూర్చొని అడగండి. ఆ తరువాత దానిని వారితోపాటు దంతవైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఆరోగ్యమస్తు.